బొబ్బిలి నుంచి బాస్టిల్ దాకా

ఫ్రాన్సులో బాస్టిల్ కోట కూలింది 1789లో. హైస్కూలు పిల్లలు ఆ సంవత్సరాన్ని బట్టీపట్టి మరీ రాస్తారు. దానికి 32 ఏళ్ల ముందే, 1757 జనవరి 24న, ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయి. విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ సేన దాన్ని ముట్టడించింది. బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడి వీరత్వాన్ని బుర్రకథలు చెబుతాయి. బుస్సీకి ఇక్కడేం పని అన్నది సోషల్ మాస్టారే చెప్పాలి. ఫ్రెంచి సేన జీతాల కోసం ఉత్తర సర్కారులను నిజాం వాళ్లకు అప్పగించాడు. ఆ శిస్తు కోసమే బుస్సీ వచ్చాడు.

ఊరినీ ప్రపంచాన్నీ ఇలా కలిపి చదివిన మాస్టారొకరు శ్రీకాకుళం గడ్డ మీదే పుట్టారు. గిడుగు రామమూర్తి అనగానే వాడుక భాష గుర్తొస్తుంది గానీ, ఆయన బడిలో చెప్పింది చరిత్ర. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. ముఖలింగం గుళ్లలోని శాసనాలను సొంతంగా చదివారు. తూర్పు గాంగుల చరిత్ర మీద వ్యాసాలు రాసి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చేయించారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలనే గిరిజనులుంటారు. తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకుని గిడుగు వాళ్ల భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు, అదీ సొంత డబ్బుతో. కొండల్లో తిరిగి తెచ్చుకున్న మలేరియాకు క్వినైన్ మింగీ మింగీ చెవులు పోయాయి. అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

పౌరశాస్త్రానికీ దూరం పోనక్కర్లేదు. పార్వతీపురంలో 1950కి ముందు పుట్టిన తాతగారు ఇల్లు కదలకుండానే నాలుగు జిల్లాలు చూశారు. మొదట విశాఖపట్నం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం.

ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికీ మార్కులుంటాయి. ఇంటర్నెట్ బొమ్మలు అంటించే బదులు ఇంట్లోని పాత దస్తావేజులు, టీసీలు, రేషన్ కార్డులు ముందేసుకోవచ్చు. ఏ కాగితం మీద ఏ జిల్లా పేరుందో రాసుకోవచ్చు. జిల్లా మారినప్పుడల్లా కలెక్టరాఫీసు దగ్గరైందా దూరమైందా, ఏ పనికి ఎక్కడికి తిరగాల్సి వచ్చిందో తాతగారినే అడగవచ్చు.