ఆకాశం ఫొటోలో తెల్ల గీత.. ఉల్కా? శాటిలైటా? ఇలా తేల్చేయండి!

కె.కోటపాడు (అనకాపల్లి): విశాఖ లైట్లకు కాస్త దూరంగా ఉండే కె.కోటపాడు లాంటి చోట రాత్రి డాబా ఎక్కితే చుక్కలు బాగానే కనిపిస్తాయి. ఫోన్‌ను కదలకుండా పెట్టి నైట్ మోడ్‌లో ఫొటో తీస్తే ఒక్కోసారి వాటి మధ్య ఓ తెల్ల గీత పడుతుంది. ఇక వాట్సాప్‌లో "ఏలియన్స్", "మిస్సైల్" అంటూ మొదలు! నిజానికి అదేంటో చాలాసార్లు మనమే తేల్చుకోవచ్చు.

నైట్ మోడ్‌లో కెమెరా కొన్ని సెకన్ల పాటు వెలుగును పోగేస్తుంది. ఆలోగా కదిలే వెలుగు ఏదైనా గీతలా పడుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్నే తీసుకోండి. సుమారు 400 కి.మీ. ఎత్తున, సెకనుకు దాదాపు 7.7 కి.మీ. వేగంతో వెళ్తుంది. అది నడినెత్తిన ఉండగా 10 సెకన్ల ఫొటో తీస్తే, చెయ్యి చాచి పట్టిన పిడికిలి వెడల్పంత గీత వస్తుంది.

గీత పూసల దండలా చుక్కలు చుక్కలుగా ఉంటే అది చాలావరకు విమానమే. రెండు చివర్లా సన్నబడి మధ్యలో లావుగా ఉండి, ఒక్క ఫొటోలోనే కనిపిస్తే ఉల్క కావచ్చు. ఒకే మందంతో ఉండి, తర్వాతి ఫొటోలోనూ అదే దారిలో సాగితే శాటిలైట్. ఇవి ఎక్కువగా చీకటి పడ్డాక, తెల్లవారే ముందు కనిపిస్తాయి. భూమి నీడలోకి వెళ్లాయంటే దారి మధ్యలోనే మాయం.

శాస్త్రవేత్తలు చేసేదీ ఇంచుమించు ఇదే. 2022 ఏప్రిల్ 2, ఉగాది రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ ఆకాశంలో నిప్పు గీతలు కనిపించాయి. చాలామంది ఉల్కలే అనుకున్నారు. కానీ ఉల్క మామూలుగా ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతుంది. ఇవేమో ముక్కలు ముక్కలుగా, మెల్లగా సాగాయి. కక్ష్యలోని వస్తువుల లెక్కలు చూసే ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డోవెల్, 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ అయి ఉంటుందని చెప్పారు. తెలంగాణను ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు కూడా దొరికింది.

కాబట్టి మీ ఫొటోలో గీత పడితే ముందు టైమ్, ఏ దిక్కున కనిపించిందో రాసి పెట్టుకోండి. శాటిలైట్ ట్రాకింగ్ యాప్‌లో ఆ సమయానికి మీ ఊరి మీదుగా ఏం వెళ్లిందో చూడండి. ఒరిజినల్ ఫొటోను మాత్రం డిలీట్ చేయొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తీసిన సమయం వివరాలు పోతాయి.