ఛాయాచిత్రము ఎవరి సొత్తు?

రైల్వేకోడూరునకు చేరువనున్న మంగంపేట ముగ్గురాతి గనిని ఛాయాగ్రాహకుడొకడు తన ఇచ్ఛకొలది చిత్రించెననుకొందము. ఆ చిత్రము అతని సొత్తు. అదే గనిని, అదే గట్టున నిలిచి, ఒక సంస్థ కోరగా సొమ్ము పుచ్చుకొని తీసినచో, వేరు ఒడంబడిక లేనిపక్షమున హక్కు ఆ సంస్థదే యగును. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను చెప్పునది ఇదియే. పెండ్లి చిత్రములకును ఇదే న్యాయము.

అయితే హక్కు వేరు, పేరు వేరు. హక్కు చేజారినను, చిత్రము తాను తీసినదని చెప్పుకొను అధికారమును 57వ సెక్షను ఛాయాగ్రాహకునికి మిగిల్చినది. తన ప్రతిష్ఠకు భంగము కలుగునట్లు చిత్రమును వికృతపరచినచో అతడు అడ్డగింపవచ్చును. సొమ్మిచ్చినవారు ఈ మాట తరచు మరతురు.

కావున బేరము కుదిరిననాడే హక్కు ఎవరిదో, పేరు ఎచ్చట అచ్చువేయవలెనో కాగితముపై వ్రాయించుకొనవలెను. తన హక్కును ఇతరులకు బదలాయించుట నోటిమాటతో చెల్లదు. వ్రాతలో గడువు లేనిచో అది 5 ఏండ్లకే పరిమితము. 2012 సవరణ పిమ్మట ఈ హక్కు ఛాయాగ్రాహకుని జీవితకాలమును, అటుపై 60 ఏండ్లును నిలుచుచున్నది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. నెగెటివునో, మూల ఫైలునో మాత్రము పదిలపరచుకొనవలెను. తగవులో అదియే సాక్ష్యము. సికింద్రాబాదున స్టూడియో నడిపి 1905లో గతించిన రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివులు 2,857 నేటికిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున ఆయన పేరిటనే ఉన్నవి.