పాట ముందు నుంచే రావాలి!

కార్‌ డెకార్స్‌ షాపులో స్పీకర్లు బిగించడం ఎవరైనా నేర్చుకుంటారు. ట్యూనింగ్‌ తెలిసినవాణ్ని మాత్రం కస్టమరే వెతుక్కుంటూ వస్తాడు. ఈ పనిలో నిలబడాలంటే ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

ముందుగా ప్లస్‌, మైనస్‌ వైర్లు సరిచూడండి. ఒక స్పీకర్‌కి తిరగబడినా బాస్‌ పల్చబడిపోతుంది.

ఫేడర్‌ని పూర్తిగా ముందుకు తిప్పి, ముందు స్పీకర్లనే ట్యూన్‌ చేయండి. కచేరీలో గాయకుడు మన ఎదురుగానే ఉంటాడు కదా! తర్వాత మెల్లగా వెనక్కి తెండి. పాట వీపు వెనక నుంచి వస్తున్నట్టు అనిపించగానే ఒక మెట్టు ముందుకు జరిపి ఆపేయండి.

సబ్‌వూఫర్‌ ఉంటే, డోర్‌ స్పీకర్లకు హైపాస్‌ ఫిల్టర్‌ 80 హెర్ట్జ్‌ దగ్గర మొదలుపెట్టండి. సౌండ్‌ పెంచినా పగలదు.

మన కార్లలో డ్రైవర్‌కి కుడి స్పీకర్‌ దగ్గర. ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. ఎడమది 68 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే, టైమ్‌ అలైన్‌మెంట్‌లో కుడిదాన్ని 2 మిల్లీసెకన్లు ఆలస్యం చేయండి. గొంతు డ్యాష్‌బోర్డు మధ్యకొస్తుంది.

చివరగా కస్టమర్‌ని డ్రైవర్‌ సీట్లో కూర్చోబెట్టి, ఆయన రోజూ వినే పాటే పెట్టండి. వాల్యూమ్‌ పెంచమని అడగలేదంటే మీకు పని వచ్చినట్టే.