మిసిసిపి జాన్ హర్ట్

మిసిసిపి జాన్ హర్ట్ (అసలు పేరు జాన్ స్మిత్ హర్ట్) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన బ్లూస్, జానపద గాయకుడు, గిటారు వాద్యకారుడు. వృత్తిరీత్యా ఈయన వ్యవసాయ కూలీ. జీవితంలో అత్యధిక భాగం సంగీతం ఈయనకు జీవనోపాధి కాలేదు. పొలం పని ముగిసిన తరువాత ఇంటి వసారాలోనూ, ఇరుగుపొరుగువారి విందులలోనూ గిటారు వాయించేవాడు. 1928లో కొన్ని పాటలు రికార్డు చేసిన తరువాత దాదాపు 35 సంవత్సరాలు బయటి ప్రపంచానికి కనిపించలేదు. 1963లో తిరిగి వెలుగులోకి వచ్చి, చివరి మూడేళ్లలో దేశవ్యాప్తంగా ప్రసిద్ధుడయ్యాడు.

బాల్యం

హర్ట్ మిసిసిపి రాష్ట్రంలోని కారోల్ కౌంటీలో టియోక్ అనే చోట జన్మించి, సమీపంలోని అవలాన్ గ్రామంలో పెరిగాడు. ఈయన జన్మ సంవత్సరం కొన్నిచోట్ల 1892గా, మరికొన్నిచోట్ల 1893గా కనిపిస్తుంది. సుమారు తొమ్మిదేళ్ల వయసులో గిటారు పట్టాడు. ఈయనకు గురువు లేడు. చెవికి వినిపించినదాన్ని తన పద్ధతిలో వాయించుకుంటూ స్వయంగా నేర్చుకున్నాడు. అప్పట్లో ఆ ప్రాంతపు నల్లజాతి రైతులలో అనేకులు పంటలో వాటా ఇచ్చే ఒప్పందంపై ఇతరుల భూమిని పాలుకు చేసేవారు. హర్ట్ కూడా అదే విధంగా పత్తి, మొక్కజొన్న పండించాడు. కొంతకాలం రైలుమార్గపు పనికి కూడా వెళ్లాడు. "స్పైక్ డ్రైవర్ బ్లూస్" అనే పాటను అక్కడి తోటి కూలీ వద్ద నేర్చుకున్నాడు. ఊరూరా తిరిగి మందులు అమ్ముకునే వినోద బృందం ఒకటి ఈయనను తమతో రమ్మని పిలిచినా, ఇల్లు విడవడం ఇష్టం లేక వెళ్లలేదని చెబుతారు.

వాద్య శైలి

హర్ట్ శైలి ఆయన వాయించిన సందర్భాల నుండి పుట్టింది. గ్రామాలలో శనివారం రాత్రులు జరిగే నృత్యాలకు తరచుగా ఒక్కడే వాయించవలసి వచ్చేది. డప్పు గాని, మంద్రస్థాయి వాద్యం గాని తోడు ఉండేవి కావు. అందువలన నాట్యానికి కావలసిన లయ, పాటకు కావలసిన స్వరం రెండూ ఒకే గిటారు నుండి రావాలి. ఆయన కుడిచేతి బొటనవేలితో మంద్రపు తీగలను ఒకదాని తరువాత ఒకటిగా, గడియారంలా తప్పకుండా మీటేవాడు. అదే సమయంలో చూపుడు వేలు, మధ్య వేలు పై తీగలపై పాట స్వరాన్ని పలికించేవి. ఈ స్వరం చాలాసార్లు తాళపు దెబ్బపై కాకుండా దెబ్బకూ దెబ్బకూ మధ్య పడుతుంది. వినేవారికి ఇద్దరు వాద్యకారులు ఉన్నారనిపించడానికి ఇదే కారణం.

మిసిసిపి డెల్టా ప్రాంతపు బ్లూస్ గాయకులు చాలామంది బిగ్గరగా, గరుకైన గొంతుతో పాడేవారు. హర్ట్ గొంతు మెల్లగా, సంభాషిస్తున్నట్లుగా ఉంటుంది. ఆయన పాటలలో బ్లూస్‌తో పాటు కథాగేయాలు, రాగ్‌టైమ్ నృత్య బాణీలు, క్రైస్తవ భక్తిగీతాలు కూడా ఉన్నాయి. పొరుగువారు ఏది కోరితే అది పాడవలసిన గ్రామీణ గాయకునికి ఈ వైవిధ్యం సహజమే.

1928 రికార్డులు

1920లలో హర్ట్ అప్పుడప్పుడు విలీ నార్మర్ అనే తెల్లజాతి ఫిడేలు వాద్యకారునికి తోడుగా వాయించేవాడు. నార్మర్‌కు గిటారు సహకారం అందించే షెల్ స్మిత్ రాలేని రోజులలో హర్ట్ ఆ స్థానంలో ఉండేవాడు. జాతుల మధ్య వేర్పాటు చట్టబద్ధంగా అమలవుతున్న రాష్ట్రంలో, ఆ కాలంలో, ఇది గమనించదగిన విషయం. నార్మర్‌కు ఓకే రికార్డ్స్ సంస్థలో పాడే అవకాశం లభించినప్పుడు, ఆయన నిర్మాత టామీ రాక్‌వెల్‌కు హర్ట్ పేరు సూచించాడు.

హర్ట్ 1928 ఫిబ్రవరిలో మెంఫిస్ నగరంలోను, అదే సంవత్సరం డిసెంబరులో న్యూయార్క్ నగరంలోను రికార్డు చేశాడు. పేరుకు ముందు "మిసిసిపి" అనే మాటను అమ్మకాల కోసం సంస్థవారే చేర్చారు. మొత్తం 12 పాటలు విడుదలయ్యాయి. వాటిలో "ఫ్రాంకీ", "స్టాక్ ఓ లీ", "క్యాండీ మ్యాన్ బ్లూస్", "లూయిస్ కాలిన్స్" ముఖ్యమైనవి. అమ్మకాలు అంతంత మాత్రంగానే సాగాయి. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంతో రికార్డుల వ్యాపారం కుప్పకూలింది. హర్ట్ అవలాన్‌లో పొలం పనులలోనే కొనసాగాడు.

పునరావిష్కరణ

1952లో హ్యారీ స్మిత్ సంకలనం చేసిన "ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్"లో హర్ట్ పాటలు రెండు చోటు చేసుకున్నాయి. వాటిని విన్న కొత్త తరం ఔత్సాహికులకు ఈ గాయకుడు బ్రతికి ఉన్నాడో లేడో తెలియదు. ఆచూకీ ఆయన పాటలోనే దొరికింది. న్యూయార్క్‌లో రికార్డు చేసిన "అవలాన్ బ్లూస్"లో హర్ట్ తన సొంత ఊరి పేరు చెప్పుకున్నాడు. రికార్డుల సేకర్త డిక్ స్పాట్స్‌వుడ్ ఒక పాత అట్లాసులో ఆ గ్రామాన్ని గుర్తించాడు. ఆయన మిత్రుడు టామ్ హాస్కిన్స్ 1963లో అక్కడికి వెళ్లి హర్ట్‌ను కలిశాడు. అప్పటికి హర్ట్‌కు సొంత గిటారు కూడా లేదు. హాస్కిన్స్ తెచ్చిన గిటారు ఇచ్చి వాయింపజేయగా, రికార్డులలో విన్న శైలి ఇదేనని తేలింది.

ఆ సంవత్సరమే హర్ట్ వాషింగ్టన్ నగరానికి మారాడు. 1963 వేసవిలో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో పాడాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం ఆయన పాటలు రికార్డు చేశారు. కాఫీ గృహాలలో, విశ్వవిద్యాలయాలలో కచేరీలు చేశాడు. వాన్‌గార్డ్ సంస్థ 1966లో "టుడే!" అనే ఆల్బమ్ విడుదల చేసింది. దీనిని తరువాత అమెరికా జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చారు. పొరుగువారి మధ్య ఏ పాటలు పాడాడో, వేలాదిమంది ముందు కూడా వాటినే అదే మెల్లని గొంతుతో పాడడం ఈ కాలపు ప్రత్యేకత.

మరణం, ప్రభావం

హర్ట్ చివరి రోజులలో మిసిసిపికి తిరిగి వెళ్లి, 1966 నవంబరు 2న గ్రెనడాలో గుండెపోటుతో మరణించాడు. "ది లవిన్ స్పూన్‌ఫుల్" అనే రాక్ బృందం తన పేరును ఈయన "కాఫీ బ్లూస్" పాటలోని ఒక పదబంధం నుండి తీసుకుంది. 2001లో పలువురు కళాకారులు కలిసి ఈయన పాటలతో ఒక నివాళి ఆల్బమ్ వెలువరించారు. అవలాన్ సమీపంలో మ్యూజియంగా మార్చిన ఈయన ఇల్లు 2024 ఫిబ్రవరిలో అగ్నికి ఆహుతైంది.

హర్ట్ శైలి గిటారు నేర్చుకునే ఔత్సాహికులకు ఈనాటికీ తొలి పాఠాలలో ఒకటి. బొటనవేలిని తాళానికి అప్పగించి మిగిలిన వేళ్లకు స్వేచ్ఛ నివ్వడం ఈ సాధనలోని మూలసూత్రం. ఇంటివద్ద ఒంటరిగా వాయించుకునేవారికి ఈ పద్ధతి బాగా ఉపకరిస్తుంది. హర్ట్ దీనిని రూపొందించుకున్నది కూడా అలాంటి పరిస్థితిలోనే.