పువ్వు తెల్లబోయిన నాడు

పెటూనియా మనకూ తెలిసిన పువ్వే. చలికాలంలో నర్సరీల ముందు కుండీల నిండా విరగబూస్తుంది. దాని ఊదా రంగును ఇంకాస్త చిక్కబరుద్దామని కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో రిచర్డ్ జార్గెన్‌సెన్ బృందం రంగు జన్యువు మరొకదాన్ని మొక్కలోకి ఎక్కించింది. పూలు కొన్ని చారలతో, కొన్ని పాలలా తెల్లగా పూశాయి. పూలతో పాటు శాస్త్రవేత్తలూ తెల్లబోయారు. కొత్తగా వచ్చిన జన్యువు పనిచేయలేదు సరికదా, మొక్కకు పుట్టుకతో ఉన్న జన్యువు నోరు కూడా మూయించింది! ఈ వింత 1990లో అచ్చయింది.

గుట్టు 1998లో ఒక నులిపురుగు విప్పింది. మిల్లీమీటరు పొడవుండే ఆ పురుగులోకి ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఒక కండర జన్యువుకు సరిపోలే ఆర్‌ఎన్‌ఏ ఎక్కించారు. ఒంటి పోగుగా ఎక్కిస్తే పెద్దగా ఏమీ కాలేదు. రెండు పోగులూ జతకట్టించి ఎక్కిస్తే మాత్రం, ఆ జన్యువు పాడైన పురుగులాగే గిలగిలా వణికింది. 2006లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

జరిగేదిదీ. జంట పోగును డైసర్ అనే ఎంజైము కత్తిపీటలా ముక్కలు తరుగుతుంది. ఒక్కో ముక్క సుమారు 21 అక్షరాలు. అందులోంచి ఒక పోగును ఆర్గొనాట్ అనే ప్రొటీన్ పట్టుకుని, దానికి సరిపోయే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఎదురైతే తెగ్గోస్తుంది. జన్యువనే అసలు దస్తావేజు జోలికి పోదు, బయటికొచ్చిన నకళ్లను చింపేస్తుందన్నమాట. అందుకే ఈ మౌనం శాశ్వతం కాదు. ముక్కలు అరిగిపోయాక జన్యువు మళ్లీ గొంతు విప్పుతుంది.

మన కణాలతో ఒక చిక్కు ఉంది. పొడవాటి జంట పోగు కనబడితే వైరస్ వచ్చిందనుకుని పనులన్నీ ఆపేస్తాయి. 2001లో జర్మనీలోని గోటింగెన్‌లో థామస్ టుష్ల్ బృందం, ముందే తరిగిపెట్టిన 21 అక్షరాల ముక్కలతో ఆ కాపలా కళ్లుగప్పింది. అప్పటినుంచి ఇది ఏ జన్యువుకు కావాలంటే ఆ జన్యువుకు తయారుచేసుకోగల పనిముట్టు.

ఆ పనిముట్టును రక్తనాళాల దగ్గరికి తెచ్చింది ఆక్సిజన్ కథ. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణాన్ని ఆదుకునే ప్రొటీన్ పేరు హిఫ్. విచిత్రమేమిటంటే కణం దాన్ని ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది, ఆక్సిజన్ ఉన్నంతసేపూ నిమిషాల్లో పారేస్తూనే ఉంటుంది. పారేయమని ముద్ర వేసేది పీహెచ్‌డీ-2 అనే ఎంజైము (పట్టా కాదు లెండి). ఆ ముద్రకు ఆక్సిజన్ కావాలి. అది కరువైతే ముద్ర పడదు, హిఫ్ నిలబడుతుంది, కొత్త నాళాలను పిలిచే వీఈజీఎఫ్ వంటి ప్రొటీన్లను పుట్టిస్తుంది. ఈ లెక్క తేల్చిన సెమెంజా, ర్యాట్‌క్లిఫ్, కేలిన్‌లకు 2019లో నోబెల్ దక్కింది.

మరి ముద్ర వేసేవాడి నోరే మూయిస్తే? 2003లో ఫ్రాన్స్‌లోని నీస్ నగర పరిశోధకులు ఆ 21 అక్షరాలతోనే పీహెచ్‌డీ-2ను అణిచి, ఆక్సిజన్ ఉండగానే హిఫ్‌ను నిలబెట్టారు. 2006లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో ఎలుకలకు ముందుగా ఇలాంటి ముక్కలిచ్చి, తర్వాత గుండె రక్తనాళాన్ని కాసేపు బిగించి వదిలితే, గుండెకు జరిగిన నష్టం తగ్గింది. కరువు రాకముందే గాదె నింపుకున్నట్టు. కానీ గుండెపోటు ముహూర్తం చెప్పి రాదు. నాకైతే ఈ ఉపాయం, వేళ ముందే తెలిసే శస్త్రచికిత్సలకే నప్పుతుందనిపిస్తుంది. హిఫ్ ఎప్పుడూ లేచే ఉంటే ఏమవుతుందో వాన్ హిప్పెల్-లిండావ్ వ్యాధి ఉన్న కుటుంబాల్లో చూస్తున్నాం: మూత్రపిండాల్లో, మెదడులో కణుతులు.

పనిముట్టు మోసపుచ్చిన సందర్భమూ ఉంది. కంటి రెటీనా వెనక అడ్డదిడ్డంగా పెరిగే నాళాలను ఆపాలని, వీఈజీఎఫ్ జన్యువుకు గురిపెట్టిన ముక్కలను రోగుల కళ్లలోకి ఎక్కించి అప్పట్లో పరీక్షించేవారు. 2008లో కెంటకీ విశ్వవిద్యాలయంలో జయకృష్ణ అంబటి బృందం ఎలుకల్లో చూస్తే, వాటికి అసలు లేని జన్యువులకు గురిపెట్టిన ముక్కలు కూడా నాళాలను ఆపాయి. ముక్కలు కణంలోకి పోనేలేదు. గుమ్మం దగ్గరే టీఎల్‌ఆర్-3 అనే వైరస్ గంటను మోగించాయి. నోరు మూయించారనుకున్న చోట నిజానికి కేక పెట్టించారు. ఆ కంటి మందుల్లో ఒకదాని చివరి దశ పరీక్ష 2009లో ఆగింది.

ఇలా జన్యువు నోరు మూయించే మందుల్లో 2018లో అమెరికాలో తొలిగా అనుమతి పొందిన పాటిసిరాన్ కాలేయంలో పనిచేస్తుంది. ఏడాదికి రెండు సూదులతో కొలెస్ట్రాల్ తగ్గించే ఇంక్లిసిరాన్ కూడా అంతే. కాలేయపు నాళాల గోడల్లో సన్నని కంతలుంటాయి. పాటిసిరాన్‌ను మోసే కొవ్వు రేణువులకు రక్తంలోని ఒక ప్రొటీన్ అంటుకోగానే, కాలేయం వాటిని కొలెస్ట్రాల్ అనుకుని మింగేస్తుంది. సూది మందు రక్తంలో దిగగానే మొదట ఒరుసుకునేది నాళాల లోపలి పొర కణాలనే. వాటిని ఒరుసుకుంటూనే సాగిపోయి కాలేయంలో దిగుతుంది.