సరుకు కదలికలు – తేదీలు: అపోహలు, వాస్తవములు

గిడ్డంగిలో సరుకు ఎంత యున్నదో తెలిసికొనుట యెంత ముఖ్యమో, అది యేనాడు వచ్చెనో, యేనాడు వెడలెనో తెలిసికొనుటయు నంతే ముఖ్యము. చిట్టా ఆవర్జాల స్థానమును కంప్యూటరు లెక్కలు ఆక్రమించిన యీ కాలమున, పరిమాణమును ధరను మిక్కిలి జాగరూకతతో నమోదు చేయు వర్తకులే తేదీ విషయమున ఉదాసీనులగుచున్నారు. ఆ ఉదాసీనతకు మూలమైన అపోహలను ఒక్కొక్కటిగా విచారింతము.

అపోహ 1: సంవత్సరాంతమున నిల్వ సరిపోయిన చాలును, తేదీ నాలుగు దినములు అటునిటైనను నష్టము లేదు.

వాస్తవము: సంఖ్య మారకున్నను విలువ మారును. ఒక బియ్యపు వర్తకుడు ఏప్రిల్ 1న బస్తా 1,000 రూపాయల చొప్పున 100 బస్తాలును, ఏప్రిల్ 10న 1,200 రూపాయల చొప్పున మరి 100 బస్తాలును కొనెననియు, నడుమ ఏప్రిల్ 5న 100 బస్తాలు విక్రయించెననియు ననుకొందము. ప్రతి కొనుగోలుతోడను సగటు ధరను తిరిగి కట్టు పద్ధతిలో, అమ్మిన సరుకు ఖరీదు 1,00,000 రూపాయలు, మిగిలిన నిల్వ విలువ 1,20,000 రూపాయలు. అదే విక్రయము ఏప్రిల్ 12న జరిగినట్లు నమోదైనచో, అప్పటికి సగటు 1,100 రూపాయలగుటచేత, ఖరీదును నిల్వయును చెరి 1,10,000 రూపాయలగును. బస్తా యొక్కటియు తగ్గలేదు. లాభము మాత్రము 10,000 రూపాయలు తక్కువగా కనబడును. మొదట వచ్చినది మొదట పోయినట్లు లెక్కించు ఫిఫో పద్ధతియందును, ఏది మొదట వచ్చినదో నిర్ణయించునది తేదీయే.

అపోహ 2: తేదీని కంప్యూటరే వేయును గనుక పొరపాటునకు తావు లేదు.

వాస్తవము: యంత్రము తనంతట వేయునది సాధారణముగా ఎంట్రీ చేసిన దినమే గాని సరుకు కదలిన దినము కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో క్రితపు వోచరు తేదీయే తరువాతి వోచరునకును వచ్చి చేరును. శనివారము సాయంకాలము దిగిన లారీ సరుకును గుమాస్తా సోమవారము నమోదు చేయుచు తేదీని సవరింపనిచో, ఆ సరుకు సోమవారమే వచ్చినదని లెక్కలు పలుకును. ఎక్సెల్ జాబితాలను ఎక్కించునపుడు మరియొక ప్రమాదము గలదు: మనము ఏప్రిల్ 3గా వ్రాసిన 03/04 అను తేదీని, మాసమును ముందు చదువు అమెరికా పద్ధతి మార్చి 4గా గ్రహించును, దానితో ఆ సరుకు గడచిన ఆర్థిక సంవత్సరమునకు జారిపోవును. కావున సరుకు కదలిన తేదీని మనుష్యుడు చూచి వేయవలెను; నమోదైన తేదీని, సమయమును యంత్రము వేరుగా భద్రపరుపవలెను.

అపోహ 3: ఇన్వాయిస్ తేదీయే సరుకు వచ్చిన తేదీ.

వాస్తవము: మార్చి 29న బిల్లు వ్రాయబడిన సరుకు ఏప్రిల్ 2న గిడ్డంగిలో దిగవచ్చును. మార్చి 31నాటి భౌతిక నిల్వలో అది యుండదు. ఒప్పందమును బట్టి యాజమాన్యము అప్పటికే కొనుగోలుదారునకు సంక్రమించియున్నచో, దారిలోనున్న సరుకుగా మాత్రము లెక్కకెక్కవలెను. జీఎస్టీ చట్టపు 16వ సెక్షన్ సైతము, సరుకు అందుటను ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌నకు ఒక షరతుగా విధించినది. ఒకే ఇన్వాయిస్ సరుకు విడతలుగా వచ్చునపుడు, కడపటి విడత అందిన పిమ్మటనే ఆ హక్కు కలుగును. గుంటూరు గిడ్డంగినుండి విశాఖపట్టణపు గిడ్డంగికి సరుకు పంపునపుడును ఇట్లే, పంపిన తేదీని చేరిన తేదీని వేర్వేరుగా వ్రాయవలెను.

అపోహ 4: నిల్వ మైనస్‌లో కనబడుట సాఫ్ట్‌వేర్ దోషము.

వాస్తవము: లేని సరుకును ఎవరును ఇవ్వజాలరు గనుక, మైనస్ నిల్వ యొక హెచ్చరిక. ఐటెమ్ పేరులోనో కొలతలోనో తప్పు దొరలియుండవచ్చును. పెక్కుమార్లు సరుకు రాకకంటె పోక ముందు తేదీతో నమోదై యుండును. మూలకారణమును వెదకక, సర్దుబాటు ఎంట్రీతో మైనస్‌ను తుడిచివేయుట తప్పును కప్పిపుచ్చుటయే యగును.

అపోహ 5: ఆలస్యమైన నమోదునకు పాత తేదీ వేయుట అక్రమము, నేటి తేదీయే క్షేమము.

వాస్తవము: జరిగిన దినమును జరిగినట్లు వ్రాయుట యెన్నటికిని దోషము కాదు, జరుగని దినమును వ్రాయుటయే దోషము. అయితే రిటర్నులు దాఖలై ముగిసిన మాసమును ఇచ్చవచ్చినట్లు తెరువరాదు; అట్టి సవరణను బాధ్యుని అనుమతితో, అసలు తేదీని కారణమును వివరణలో పేర్కొని చేయవలెను. 2023 ఏప్రిల్ 1తో మొదలైన ఆర్థిక సంవత్సరమునుండి, కంపెనీలు వాడు లెక్కల సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పును, మార్చిన తేదీని దాచియుంచవలెననియు, ఆ ఏర్పాటును నిలిపివేయుటకు వీలుండరాదనియు నిబంధన గలదు.

అపోహ 6: సరుకు వచ్చిన తేదీ యున్నచో గడువు తేదీతో పనిలేదు.

వాస్తవము: మందుల వ్యాపారమున వెనుక వచ్చిన బ్యాచి గడువు ముందే ముగియవచ్చును. అట్టి సరుకులకు గడువు సమీపించినదానిని ముందు పంపుటయే ధర్మము.

కాబట్టి వర్తకులకును గిడ్డంగి బాధ్యులకును నా విన్నపమిది: సరుకు దిగినపుడే గేటు రిజిస్టరులో తేదీని వేళను వ్రాయుడు, కాటా చీటీతోడను లారీ రసీదుతోడను సరిచూచి ఆనాడే నమోదు చేయుడు, మాసము ముగిసిన పిమ్మట లెక్కలకు తాళము వేయుడు. తేదీ తప్పిన లెక్క, మొత్తము సరిపోయినను, సరియైన లెక్క కానేరదు.