అవార్డు కొట్టిన డాక్యుమెంటరీ.. మన ఫోన్‌లోకి ఎందుకంత లేటు?

ఓ డాక్యుమెంటరీకి పెద్ద ఫెస్టివల్‌లో అవార్డు వచ్చిందని వార్త చూస్తాం. వెంటనే ఫోన్‌లో వెతుకుతాం.. ఎక్కడా కనిపించదు. ఎందుకిలా?

అసలు విషయం హక్కులు. పెద్ద ఫెస్టివల్స్ చాలావరకు అప్పటిదాకా బయటకు రాని సినిమాలనే కోరుకుంటాయి. స్టార్లు లేని ఈ సినిమాలకు కొనేవాళ్లు ఎక్కువగా దొరికేది కూడా అక్కడే. పైగా ఒక్కో దేశానికి హక్కులు విడివిడిగా అమ్ముతుంటారు. డీల్ కుదరకపోతే అవార్డు వచ్చినా సినిమా మనదాకా రాదు.

నిషా పహుజా తీసిన 'టు కిల్ ఎ టైగర్' సంగతే చూడండి. జార్ఖండ్‌లో 13 ఏళ్ల కూతురికి న్యాయం కోసం ఊరినే ఎదిరించిన ఓ రైతు కథ ఇది. 2022 సెప్టెంబర్‌లో టొరంటో ఫెస్టివల్‌లో వేశారు. నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది మాత్రం 2024 మార్చిలో.. అదీ ఆస్కార్ నామినేషన్ దక్కాకే!

'ది ఎలిఫెంట్ విస్పరర్స్' రూటు వేరు. ముదుమలైలో ఏనుగు పిల్లల్ని సాకిన జంట కథతో కార్తికి గోన్సాల్వెస్ తీశారు. చేతిలో నెట్‌ఫ్లిక్స్ ఉండటంతో 2022 డిసెంబర్‌లోనే ఇళ్లకు చేరింది. ఆస్కార్ వచ్చింది ఆ తర్వాత, 2023 మార్చిలో.

మరి ముందే చూడాలంటే? ముంబై ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది. రెండేళ్లకోసారి జరిగే ఈ పండగ డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్మ్‌లు, యానిమేషన్ కోసమే. డెలిగేట్‌గా పేరు నమోదు చేసుకుంటే చాలు.

వెళ్లలేకపోతే నచ్చిన సినిమా పేరు రాసిపెట్టుకోండి. ఢిల్లీలో గాయపడిన గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ములపై షౌనక్ సేన్ తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' లాంటివి వదలొద్దు. ఇవాళ దొరకలేదని మర్చిపోతే, రేపు వచ్చినా మనకు తెలియదు.